ఆ 195 మందిలో నేను లేను

2024 మే 13న సాయంత్రం నాలుగింటికి మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో ఓటేసి బయటికొచ్చాను. వేపచెట్టు కింద నిలబడి, ఎడమచేతి చూపుడువేలు పైకెత్తి ఫొటో దిగాను. డల్లస్ నుంచి దోహా, దోహా నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి కారులో తెనాలి దగ్గర మా ఊరికి. టికెట్‌కు లక్షా అరవై వేలు, ఆఫీసులో పది రోజుల సెలవు, ఇంట్లో మా ఆవిడతో చిన్నపాటి యుద్ధం. ఇంత ఖర్చుపెట్టి సంపాదించిన సిరా చుక్క కదా, వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా ఉంటానా? పెట్టేసరికి అక్కడ అప్పటికే ముప్పై వేళ్లున్నాయి. న్యూజెర్సీ వేళ్లు, సిడ్నీ వేళ్లు, డబ్లిన్ వేళ్లు.

ఎవరికేశానని అడక్కండి. మా ఊరి పేరు, మా ఇంటిపేరు చెబితే చాలు, మీరే చెప్పేస్తారు. అదో జబ్బు మనకు. ఈ వ్యాసం దాని గురించి కాదు.

ఆ డిసెంబరులో ఎన్నికల సంఘం లెక్కలు బయటపెట్టింది. దేశం మొత్తమ్మీద నమోదైన ప్రవాస ఓటర్లు 1,19,374 మంది. వాళ్లలో లోక్‌సభ ఎన్నికల్లో ఓటేసినవాళ్లు 2,958 మంది. అందులోనూ 2,670 మంది ఒక్క కేరళవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ఎనిమిది వేల మంది నమోదైతే, వచ్చి ఓటేసింది 195 మంది.

చదవగానే నవ్వొచ్చింది. మా ఒక్క గ్రూపులోనే ముప్పై వేళ్లు కదా! నేనెక్కిన విమానంలోనే ఓటు కోసం వస్తున్నవాళ్లు నాకు తెలిసి ఓ డజను మంది. మరి రాష్ట్రం మొత్తానికి 195 ఏమిటి, లెక్క ఎక్కడో తప్పుంటుంది అనుకున్నాను. రెండు రోజులు ఆలోచించాక అర్థమైంది. లెక్క సరిగ్గానే ఉంది, తేడా మాలోనే ఉంది. మేమెవ్వరం ప్రవాసులుగా ఓటెయ్యలేదు. ఊళ్లో కాపురముంటున్నవాళ్లుగా వేసి, మళ్లీ విమానమెక్కాం.

మన చట్టంలో ఓటు హక్కు ఊరిని బట్టి వస్తుంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, ఎక్కడ సాధారణంగా నివసిస్తుంటే అక్కడి జాబితాలో పేరుండాలి. ఊళ్లో సొంత ఇల్లుంటే సరిపోదు. అలాగని పని మీద నాలుగు రోజులు ఊరు విడిచి వెళితే పేరు పోదు. విదేశాల్లో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు గనకే 2010లో చట్టాన్ని సవరించి 20ఎ సెక్షన్ చేర్చారు, 2011 నుంచి అమల్లోకి వచ్చింది. వేరే దేశం పౌరసత్వం తీసుకోకుండా, చదువు కోసమో ఉద్యోగం కోసమో బయట ఉంటున్న భారతీయుడు ఫారం 6ఎ నింపి, పాస్‌పోర్టులో ఉన్న సొంతూరి అడ్రసుతో ఓటరుగా చేరొచ్చు. ఓటరు కార్డు ఇవ్వరు. ఇదివరకటి కార్డు ఉంటే అప్పజెప్పాలి. పోలింగు రోజున ఒరిజినల్ పాస్‌పోర్టు చేతబట్టుకుని బూత్‌కు స్వయంగా రావాలి. పోస్టల్ బ్యాలెట్ లేదు, ఆన్‌లైన్ లేదు.

నేను ఆ ఫారం నింపలేదు. 2009లో హైదరాబాద్‌లో ట్రైనింగ్‌లో ఉండగా ఊళ్లో రాయించుకున్న పేరు, 2013లో నేను అమెరికా వెళ్లాక కూడా అలాగే ఉండిపోయింది. నేను అబద్ధమేమీ రాసివ్వలేదు, నిజమూ చెప్పలేదు. బూత్‌లో నేను చూపించింది మీసాలు కూడా సరిగా రాని ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి ఫొటో ఉన్న ఓటరు కార్డు. అది చూసి పోలింగ్ ఆఫీసరు తలెత్తి నన్ను పరీక్షగా చూస్తుంటే, బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు ఏజెంట్లూ ఒక్కసారే "మనోడేలెండి" అన్నారు. పొద్దున్నుంచీ ప్రతి ఓటుకూ కీచులాడుకుంటున్న రెండు పార్టీలవాళ్లు ఏకమైంది నా విషయంలోనే. పాస్‌పోర్టు ఇంట్లో, బీరువాలో ఉంది.

దోహా నుంచి హైదరాబాద్ వచ్చే విమానంలో నా పక్క సీటాయన జగిత్యాల దగ్గరి ఊరివాడు. నలభై దాటి ఉంటాయి. కట్టడాల దగ్గర పరంజా కట్టే పని. పైన అరలో ఆయన పెట్టిన దుప్పట్ల సంచి పక్కకు జరిపి నా బ్యాగు ఇరికిస్తుంటే లేచి సాయం చేశాడు. అలా మాట కలిసింది.

"ఛుట్టీల పోతున్నవా అన్నా?"

"లేదన్నా, ఓటేయడానికి."

కాసేపు నన్నలాగే చూశాడు. "ఓటుకా? టికెట్ ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టుకున్నా."

ఎంతయిందని అడిగాడు. నాకు అబద్ధమాడాలనిపించింది, సగానికి సగం తగ్గించి చెప్పాను. అదే ఆయనకు చాలా ఎక్కువనిపించింది. "నేను ఈ పద్నాలుగేండ్లల్ల ఒక్కసారి సుత ఎయ్యలే," అన్నాడు. "ఎలచ్చన్లప్పుడు ఛుట్టీ దొరకది. ఛుట్టీ దొరికినప్పుడు ఎలచ్చన్లుండయి. ఈసారే రెండు కలిసినయి." మేనకోడలి పెళ్లికి నెల రోజులు సెలవు ఇచ్చారట. తెలంగాణలో కూడా లోక్‌సభ పోలింగ్ ఆ 13నే. దిగేముందు నెంబర్లు మార్చుకున్నాం.

14వ తేదీ పొద్దున నా వేలి ఫొటో ఆయనకు కూడా పంపాను. బుద్ధి తక్కువ పని. ఆయన ఫోన్ చేశాడు. "నా పేరు లేదన్నా. మా ఆమెది ఉన్నది, అమ్మది ఉన్నది. నాది తీసేసిన్రట. ఊర్లె ఉంటలేవు గదా అన్నరు." తర్వాత, కోపమేమీ లేకుండా, "నిజమే గదా, ఉంటలేను," అన్నాడు.

ఆయన పేరు తీసేసినవాళ్లు చట్టప్రకారమే చేశారు. అదే చట్టం ప్రకారం నా పేరూ ఎప్పుడో పోవాలి. పోలేదు, ఎందుకంటే మాది అందరికీ తెలిసిన ఇల్లు, నా ఓటు ఎటు పడుతుందో రెండు పార్టీలకూ తెలుసు, ఎప్పుడో ఒకప్పుడు వస్తాడులే అన్న నమ్మకం ఊరికి ఉంది. ఆయన విషయంలో అంత ఆరా తీసినవాళ్లు లేరు.

అప్పట్నుంచీ నన్ను తొలుస్తున్నది ఇదే. ఓటు ఎవరికి ఎక్కువ అవసరం? నాకా, ఆయనకా?

గల్ఫ్‌లో పద్నాలుగేళ్లు కాదు, నలభై ఏళ్లు చెమటోడ్చినా మామూలు కార్మికుడికి అక్కడి పౌరసత్వం రాదు. వీసా ఉన్నన్నాళ్లు పని, అయిపోతే ఇంటికి. ఆయన తిరిగొస్తాడన్నది మాటవరసకు అనేది కాదు, రాసిపెట్టి ఉన్న విషయం. భార్య, పిల్లలు, తల్లి అందరూ ఊళ్లోనే. రేషన్ బియ్యం, సర్కారు బడి, వరద కాలువ నీళ్లు, అర్ధరాత్రి నొప్పులొస్తే 108, అన్నీ వాళ్లవి. అక్కడ ప్రాణం పోతే శవపేటిక వచ్చేది శంషాబాద్‌కే. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం అని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. దానికోసం ఎన్నేళ్లుగా అడుగుతున్నారో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎవరినడిగినా చెబుతారు. అడిగేవాళ్లకు ఓటుంటే అన్నేళ్లు పట్టేదా?

నా సంగతి వేరు. డల్లస్ శివార్లలో ఇల్లు కొన్నాను, ముప్పై ఏళ్ల లోను. పిల్లలిద్దరూ పుట్టుకతో అమెరికన్లు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాను. తిరిగొచ్చేస్తానని నేను అనే మాటను మా అమ్మ కూడా ఈమధ్య పట్టించుకోవడం లేదు. ఊళ్లో రోడ్డు గుంతలు పడితే నడుం విరిగేది నాది కాదు. నేను వేసిన ఓటు ఫలితాన్ని ఐదేళ్లు మా అమ్మ భరిస్తుంది, నేను యూట్యూబ్‌లో చూస్తాను.

ఇదంతా ఒక పక్కన పెట్టి వేములవాడ కథ చూడండి. రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఇంటికో మనిషి గల్ఫ్‌కు పోయిన పల్లెలున్న నియోజకవర్గమది. అక్కణ్ణుంచి చెన్నమనేని రమేశ్ 2009, 2010 ఉపఎన్నిక, 2014, 2018, మొత్తం నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. పౌరసత్వం మీద కేసు ఏళ్లకేళ్లు నడిచింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, 30 లక్షలు కట్టమంది. తీర్పు వచ్చేనాటికి ఆయన మాజీ అయిపోయారు. ఆయన మంచిచెడ్డలు నాకనవసరం. నన్ను పట్టి ఆపేది ఒక్కటే. జర్మనీ పౌరుడని కోర్టు చెప్పిన మనిషి ఆ నియోజకవర్గం నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్లగలిగాడు. భారత పాస్‌పోర్టు తప్ప మరో కాగితం లేని వేములవాడ మేస్త్రీ దుబాయ్‌లో కూర్చుని ఒక్క ఓటు వెయ్యలేడు.

ప్రవాసుల ఓటు మాటెత్తగానే వచ్చే మొదటి అభ్యంతరం, పన్ను కట్టనివాడికి ఓటెందుకు అని. ఇది నాకు అస్సలు నచ్చని వాదన. పన్ను రసీదు చూసి ఓటిచ్చే లెక్కయితే మన దేశంలో సగం కూలీ జనాన్ని క్యూలోంచి పంపించెయ్యాలి. బ్రిటిష్‌వాళ్ల కాలంలో అలాగే ఉండేది, శిస్తు కట్టేవాడికీ ఆస్తి ఉన్నవాడికీ ఓటు. దాన్ని వదిలించుకునే 1950లో మనం మొదలుపెట్టాం. అదీగాక, డబ్బుల లెక్కే తీస్తే నెలనెలా ఇంటికి పంపేవాళ్లు గర్వంగా ముందు నిలబడతారు. ఆ దారి మంచిది కాదు.

రెండో అభ్యంతరం గట్టిది. ఫలితం అనుభవించనివాడు నిర్ణయం చెయ్యకూడదు అన్నది. నా మట్టుకు దీనికి నా దగ్గర జవాబు లేదు, పైన ఒప్పుకున్నాను కూడా. కానీ ఇదే వాదనను జగిత్యాల మనిషి ముందు పెడితే నిలవదు. అందుకే ఎన్నారైలు అని అందర్నీ ఒకే బుట్టలో వేసి మాట్లాడటం నాకు కోపం తెప్పిస్తుంది. ఆ మాట వినగానే కళ్ల ముందు కనిపించేది కారు పక్కన కూలింగ్ గ్లాసులు పెట్టుకున్న నాలాంటివాడే. కోటిన్నర మంది ప్రవాస భారతీయుల్లో గల్ఫ్ దేశాల్లో ఉన్నవాళ్లే సగానికి పైగా.

మరి ఎలా వేయించాలి? 2018 ఆగస్టులో లోక్‌సభ ఒక బిల్లు ఆమోదించింది. ప్రవాసి తన బదులు ఊళ్లో ఇంకొకరిచేత ఓటు వేయించవచ్చు అన్నది దాని సారాంశం. సైన్యంలో ఉన్నవాళ్లకు ఇప్పటికే ఆ వెసులుబాటుంది. రాజ్యసభ ఆమోదం పొందేలోపు ఆ లోక్‌సభ గడువు తీరి, బిల్లు మురిగిపోయింది. మురిగిపోవడమే మంచిదైంది. ఎందుకో చెబుతాను.

పోలింగుకు ముందురోజు రాత్రి మా ఇంటికి కవరు వచ్చింది. ఏ పార్టీదో చెప్పను, ఆ మాటకొస్తే ఒకటి కాదు. అమ్మకో కవరు, నాకో కవరు. లక్షా అరవై వేలు పెట్టి సముద్రాలు దాటి వచ్చినవాడి ఓటుకు రెండు వేలు! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "వద్దంటే అవతలోళ్లకేస్తామనుకుంటారు, గొడవెందుకు," అని అమ్మ రెండూ తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. ఇప్పుడీ ఊళ్లో ప్రవాసుల ఓట్లు కూడా ఇంటి పెద్ద చేతికిచ్చామనుకోండి. కవరు ఇచ్చేవాడికి పని తేలికవుతుంది. "మీ ఇంట్లో ఐదు, దుబాయ్‌వి రెండు, మొత్తం ఏడు," అని లెక్కగట్టి ఇచ్చి పోతాడు. గల్ఫ్‌లో ఉన్నవాడు ఎవరికి వెయ్యమన్నాడు, ఇక్కడ బావమరిది ఎవరికి వేశాడు, ఎవడు చూడొచ్చాడు?

పోస్టల్ బ్యాలెట్ అంతకంటే నయం. 2020లో ఎన్నికల సంఘం, సైనికులకు వాడుతున్నట్టే బ్యాలెట్‌ను ఆన్‌లైన్లో పంపి, ఓటేసి తపాలాలో తిరిగి పంపే పద్ధతిని ప్రవాసులకూ ఇవ్వొచ్చని న్యాయశాఖకు రాసింది. మొదట గల్ఫేతర దేశాల్లో ప్రయోగిద్దామన్న ఆలోచన ఉన్నట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. చూశారా, అక్కడ కూడా ముందు వరస నాకే. పైగా పదిమంది ఒక గదిలో పడుకునే లేబర్ క్యాంపులో పోస్టల్ బ్యాలెట్ రహస్యంగా ఉంటుందని నేననుకోను. సూపర్‌వైజరో, ఊరి సంఘం పెద్దో కట్టగట్టి నింపేస్తే అడిగేవాడుండడు.

నాకు సబబుగా తోచేది ఎంబసీలో, కాన్సులేట్లో బూత్ పెట్టడం. మనిషి స్వయంగా వెళ్లాలి, పాస్‌పోర్టు చూపించాలి, అట్ట చాటున ఓటెయ్యాలి. హూస్టన్ కాన్సులేట్ మాకు నాలుగు గంటల డ్రైవు, తెల్లారుజామున బయల్దేరి వెళ్లొస్తాను, నాకేం బాధ లేదు. గల్ఫ్ ప్రభుత్వాలు ఒప్పుకోవు అంటారు. ఫిలిప్పీన్స్‌వాళ్లు 2004 నుంచి సౌదీలో, ఎమిరేట్స్‌లో ఉన్న తమ పనిమనుషుల చేత, నర్సుల చేత, మేస్త్రీల చేత ఓట్లు వేయిస్తూనే ఉన్నారు. ఒక్క రోజులో కాదు, వారాల తరబడి గడువిచ్చి, శుక్రవారం సెలవున్నవాడు శుక్రవారం వచ్చేలా. 2025లో ఆన్‌లైన్లో కూడా పెట్టారు. అంతమంది కార్మికుల్ని ఎగుమతి చేసే దేశానికి అది తప్పనిసరి అని వాళ్లకు తెలుసు.

ఆ ఫిలిప్పీన్స్ చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. బయటున్నవాళ్లు అధ్యక్షుడికి, ఉపాధ్యక్షుడికి, సెనేటర్లకు, పార్టీ జాబితాకు ఓటేస్తారు. ఊరి మేయరుకు వెయ్యరు. మనకూ అలాగే ఎంపీ ఓటు ఒక్కటే ఇచ్చి ఎమ్మెల్యే ఓటు ఆపితే? పాస్‌పోర్టు, ఎంబసీ, గల్ఫ్‌తో ఒప్పందాలు, విమాన సర్వీసులు అన్నీ కేంద్రం చేతిలోనివి. మా ఊరి డ్రైనేజీ సంగతి అక్కడ దోమలు కుట్టించుకునేవాళ్లు తేల్చుకుంటారు. ఇక్కడ జగిత్యాల మనిషి అడ్డం వస్తాడు, నాకు తెలుసు. ఆయన పిల్లల బడి, ఆయన చావుకిచ్చే 5 లక్షలు రాష్ట్రానివే కదా. అందుకని ఆయనకు రెండూ ఇచ్చి, నాకు ఒకటే ఇవ్వండి అంటాను. చట్టం అలా మనిషి మొహం చూసి గీత గియ్యలేదు, అదీ తెలుసు. ఏళ్లను బట్టి గియ్యొచ్చేమో అని కొన్నాళ్లు అనుకున్నాను. పదేళ్లు దాటితే ఆపేస్తే? అప్పుడు ముందు పోయేది మళ్లీ ఆయనే, పద్నాలుగేళ్లు!

బ్రిటన్‌లో అలాంటి గీత ఉండేది, పదిహేనేళ్లు. హ్యారీ షిండ్లర్ అని రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలో పోరాడిన సైనికుడు, 1982లో అక్కడే స్థిరపడ్డాడు. ఆ గీత చెరపాలని కోర్టుల చుట్టూ, పార్లమెంటు చుట్టూ తిరిగాడు. 2022లో చట్టం మారింది, 2024 జనవరిలో అమలైంది. ఆయన 101 ఏళ్ల వయసులో 2023 ఫిబ్రవరిలోనే పోయాడు. ఈ ముసలాయన కథ చదివాక ఏళ్ల గీత గురించి గట్టిగా మాట్లాడే ధైర్యం పోయింది నాకు. పౌరుడిగా ఉన్నంతకాలం ఎంబసీలో ఎంపీ ఓటు, భార్యాబిడ్డలు సొంతూళ్లో ఉన్నవాడికి ఎమ్మెల్యే ఓటు కూడా. ఇంతకంటే మెరుగైన గీత నాకు దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి.

విడిగా ప్రవాసులకే సీట్లివ్వమనేవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్స్‌లో 2012 నుంచి బయటున్నవాళ్ల కోసం 11 మంది డిప్యూటీలు, అంటే అక్కడి ఎంపీలున్నారు, ఇటలీలోనూ ఉన్నారు. మనవాళ్ల సంఘాల ఎన్నికలు ఒక్కసారి చూసినవాళ్లెవరూ ఆ మాట మళ్లీ ఎత్తరు.

ఇన్ని మాట్లాడి నా పేరు నేను అలాగే ఉంచుకుంటే బాగుండదని 2025 మొదట్లో ఫారం 6ఎ నింపాను. నా పాస్‌పోర్టులో ఊరి అడ్రసే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మా ఆవిడ, "ఉన్నదాన్ని కెలుక్కోవడం ఎందుకు?" అంది. గ్రూపులో పెడితే ఒకడు పెద్ద దండం బొమ్మ పంపాడు, మిగతావాళ్లు క్రికెట్ స్కోరు మాట్లాడుకున్నారు.

వారం తర్వాత బూత్ లెవల్ ఆఫీసరు మా ఇంటికి వెళ్లింది. మా ఊరి అంగన్‌వాడీ టీచరే. అమ్మను పిన్నిగారూ అంటుంది. నా కాగితాలు చూసుకుని, అమ్మ చేత సంతకం పెట్టించుకోవాలి. ఆ రాత్రి అమ్మ వీడియో కాల్ చేసింది.

"నీ పేరు మా లిస్టులోంచి తీసేసి చివర్లో విడిగా వేస్తారంట కదరా. ఊళ్లోవాళ్ల పేర్లన్నీ అయ్యాక."

"అవునమ్మా. అదే రూలు."

"మీ నాన్న పేరు తీసేసినప్పుడు కూడా ఇలాగే ఆ పిల్లే వచ్చింది, కాయితం మీద సంతకానికి." కాసేపు ఆగి, "రెండ్రోజులాగి రమ్మన్నాను," అంది.

రెండ్రోజులాగి పెట్టింది సంతకం. పెట్టాక మళ్లీ ఫోన్ చేసింది.

"2029కి వస్తావుగా?"

"వస్తానమ్మా. ఈసారి పాస్‌పోర్టు చూపించి వెయ్యాలి."

"మన బళ్లో ఓటెయ్యడానికి పాస్‌పోర్టా?" అంది అమ్మ.